సిస్టరమ్మ చూసిన క్రిస్మస్ సంతలు

పోయిన శుక్రవారం పొద్దున్నే మా తలుపు తట్టాడు ఎదురింటి అబ్బాయి. కాళ్ళకు చెప్పులు కూడా లేవు. "ఆంటీ, అమ్మ లేవట్లేదండీ. ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు. నేను వెళ్ళేసరికి ఆమె ఎడమవైపు ఒత్తిగిలి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉన్నారు. దుప్పటి కూడా నలగలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని, బాధ తెలిసి ఉండదని ఆ తరవాత వచ్చిన డాక్టరు చెప్పారు.

అప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి కనుక రాస్తున్నాను. నాకు ఊరట కలిగింది. 'అమ్మయ్య, పోయిన డిసెంబరులో ఆ సంతలు చూసి వచ్చాం' అనుకున్నాను. దుఃఖం ఆ మధ్యాహ్నం వచ్చింది. వంటింట్లో ఆవిడ స్టీలు డబ్బా కనిపించినప్పుడు వచ్చింది. వచ్చినా ఊరటను పక్కకు నెట్టలేదు, దాని పక్కనే కూర్చుంది.

ఆమెను అరాద్‌లో మా వీధివాళ్ళందరూ సిస్టరమ్మ అనేవారు. గోదావరి జిల్లా నుంచి పడుచు వయసులో నర్సుగా బహ్రెయిన్ వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలోనే తల నెరిసి, ఉద్యోగం మానేశాక కొడుకు దగ్గర ఉండిపోయారు. నేను కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడి బడిలో లెక్కలు చెప్పాను. మా ఇద్దరి తలుపులూ ఎదురెదురుగా ఉండేవి. వాళ్ళది క్రైస్తవ కుటుంబం, మాది శివుడి గుడికి వెళ్ళే ఇల్లు. డిసెంబరు మొదలవగానే వాళ్ళ గుమ్మంలో కాగితం నక్షత్రం వెలిగేది, మా గుమ్మం ముందు కూడా వెలుగు పడేది. "సగం నక్షత్రం మీదేనండీ, కరెంటు మాత్రం మాది" అనేవారు.

ఆ స్టీలు డబ్బా సంగతి చెప్పాలి. ఆమె గులాబీ పువ్వులు వండితే ఆ డబ్బాలో మా ఇంటికి వచ్చేవి. తిరిగి ఇచ్చేటప్పుడు అందులో నేను సకినాలో, ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరో పోసి పంపేదాన్ని. మనవైపు ఎవరింటి గిన్నెనూ వట్టిగా తిరిగి ఇవ్వం. ఈ పట్టింపు ఆమెకు నాకంటే ఎక్కువ. మా కోడలు ఒకసారి తొందరలో డబ్బాను కడిగి వట్టిదే ఇచ్చి వచ్చింది. పది నిమిషాల్లో సిస్టరమ్మ మా గుమ్మంలో ఉన్నారు. "మీ ఇంట్లో పంచదార అయిపోయినట్టుందమ్మా, తెచ్చాను" అన్నారు. మా కోడలు మళ్ళీ ఆ పొరపాటు చెయ్యలేదు. నేను ఎన్నేళ్ళుగా చెబుతున్నా ఎక్కని సంగతి ఆమె ఒక్క మాటతో ఎక్కించారు.

మందుల దగ్గర కూడా అంతే. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా వెళ్ళి చూసేవారు. మాత్ర మరచిపోయి మర్నాడు రెండు మింగుతామన్న వాళ్ళను కసిరేవారు. "మందు ఏ పూటది ఆ పూటే పడాలి. రేపు రెండూ కలిపి మింగితే జబ్బు తగ్గదు, కడుపు పాడవుతుంది." ఈ మాట మా వీధిలో చంటిపిల్లలకు కూడా కంఠతా వచ్చు.

ఆమెకు కళ్ళలో నీటికాసులు, అదే గ్లకోమా, ఉన్నట్టు రెండేళ్ళ కిందట తేలింది. తెలిసేసరికే ఆలస్యమైంది. చుక్కల మందు ఉన్న చూపును నిలబెడుతుంది తప్ప పోయిన చూపును తేలేదని డాక్టరు చెప్పారట. చూపు అంచుల నుంచి దగ్గరకు ముడుచుకుంటూ వచ్చింది. "గొట్టంలోంచి చూసినట్టుందండీ. ఎదురుగా ఉన్న మీ ముక్కు కనపడుతోంది, పక్కన ఉన్న తలుపు కనపడట్లేదు" అన్నారు. నర్సు కనుక తనకేం జరగబోతోందో ఆమెకు తెలుసు. భయమని ఎప్పుడూ అనలేదు. కాని పోయిన సంవత్సరం వేసవి చివర్లో ఒక సాయంత్రం మా ఇంట్లో టీ తాగుతూ అన్నారు, "టీచరుగారూ, చీకటి పడేలోపల ఒక్కటి చూడాలనుందండీ."

ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డిసెంబరులో జర్మనీలోని న్యూరెంబర్గ్ ఊరి ఇంజినీరు ఒకాయన కాలు విరిగి వార్డులో ఉన్నాడట. పండక్కి ఇంటికి పోలేక, ఈమె మందు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా వాళ్ళ ఊరి క్రిస్మస్ సంత గురించి చెప్పేవాడట. చర్చి ముందు మైదానమంతా చెక్క కొట్లు, చలిలో పొగలు కక్కే పానీయాలు, వేయించిన బాదం వాసన, తలెత్తితే దీపాలు. అప్పటి నుంచీ ఆమెకు అది మనసులో ఉండిపోయింది. పిల్లవాడి చదువు, ఇంటిమీద అప్పు, భర్త జబ్బు, ఒకదాని తరవాత ఒకటి వచ్చాయి. సంత మాత్రం వెనక్కు వెళ్తూనే ఉంది.

కొడుకు మంచివాడు. అందుకే ఒప్పుకోలేదు. నా ముందే తల్లితో అన్నాడు, "ఈ చూపుతో మంచులో ఎక్కడ జారిపడతావో అమ్మా. ఈ ఏడు నాకు సెలవు లేదు. వచ్చే ఏడాది అందరం కలిసి వెళ్దాం, ఇంకో రెండు ఊళ్ళు ఎక్కువ చూద్దువుగాని."

ఆమె నవ్వారు. "రేపు రెండు మాత్రలు కలిపి మింగమంటున్నావా నాన్నా?"

అతను నా వైపు తిరిగాడు, సాయం అడుగుతున్నట్టు. నేను ఆ ఇంటి మాటల్లో కలగజేసుకోను. ఆ రోజు కలగజేసుకున్నాను. "వచ్చే యాడాది నీకు సెలవు దొరుకుతది బిడ్డా. అమ్మకు చూపు దొరుకుతదా?"

అతను మెల్లగా అన్నాడు, "ఎవరు తీసుకెళ్తారాంటీ?"

"నేను లేనా?"

మా అబ్బాయికి ఈ కబురు తెలిసి ఇంట్లో పంచాయితీ పెట్టాడు. "అమ్మా, నీ మోకాళ్ళకు మన మెట్లే ఎక్కరావు. పరాయి దేశం పోయి ఆమెను నువ్వు పడతవా, నిన్ను ఆమె పడతదా?" ఈ మాట ఎలా తెలిసిందో సిస్టరమ్మ చెవిన పడింది. మర్నాడు డబ్బా తీసుకుని వచ్చి వాడి ముందే అన్నారు, "నాకు కళ్ళు సగం, మీ అమ్మగారికి కాళ్ళు సగం. కలిస్తే ఒక మనిషి ఔతాం లేవయ్యా. ఒక మనిషి యూరప్ వెళ్ళకూడదా?" వాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వినవాడు కాదనలేడు.

వీసాలకు తిరగడం, కళ్ళ డాక్టరు దగ్గర సరే అనిపించుకోవడం, నువ్వులుండలు నూనె కాగితాల్లో చుట్టడం అన్నీ అయ్యాయి. నేను మూడు షరతులు పెట్టాను. నా మోచెయ్యి వదలకూడదు. మెట్లు కనిపిస్తే నేను చెప్పేదాకా అడుగు వెయ్యకూడదు. చుక్కల మందు వేళ తప్పకూడదు. ఆమె ఒక షరతు పెట్టారు. "తప్పిపోతే తప్పిపోయిన చోటే నిలబడాలి. వార్డులో మేం పేషంట్లకు చెప్పేదదే. ఇద్దరూ వెతుక్కుంటూ తిరిగితే ఇద్దరూ దొరకరు." నేను సరేనన్నాను.

ముందు వియన్నా. నగర సభ భవనం ముందున్న తోటలో సంత. మా వైపు వారానికోసారి అంగడి జరుగుతుంది, కూరగాయలూ మేకలూ అరుపులూ ఉంటాయి. ఇక్కడ అంత జనంలోనూ అరుపులు లేవు. చెట్ల కొమ్మలకు ఎర్రటి హృదయాల ఆకారంలో దీపాలు కట్టారు. సిస్టరమ్మ ఒక కొట్టు ముందు ఆగి, "అదేవిటండీ, పొగ?" అన్నారు. సారా లేని, పిల్లలు తాగే నారింజ పానీయం. పింగాణీ కప్పుల్లో ఇచ్చారు. ఎంగిలి పట్టింపున్న నేను అలవాటు కొద్దీ కప్పు పైకెత్తి నోట్లో పోసుకోబోయాను. మసిలే పానీయం గడ్డం మీదుగా కారింది. "బహ్రెయిన్ ఎండకు కాలనిది ఇక్కడ చలిల కాల్చుకుంటున్న" అన్నాను. ఆమె నవ్వుతూ తన శాలువతో నా గడ్డం తుడిచారు.

ఆ కప్పులు తాగి తిరిగి ఇచ్చెయ్యాలి. నా కప్పు నేను ఇచ్చేశాను. ఆమె కూడా ఇచ్చారు, నా చెయ్యి పట్టుకుని నడక సాగించారు. పది అడుగులు వేశామో లేదో, వెనక నుంచి కొట్టావిడ పెద్దగా పిలిచింది. ఏదో తప్పు చేశామనుకున్నాను. వెనక్కు వెళితే ఆవిడ కప్పులోంచి కాగితం పొట్లం తీసి చూపిస్తోంది. మా వస్తువేదో అందులో మరచిపోయామనుకుంది పాపం.

"సిస్టరమ్మా, ఏంది గిది?"

"నువ్వులుండండీ."

"కప్పుల ఎందుకేసిండ్రు?"

"వట్టి కప్పు ఎలా ఇస్తామండీ? ఆవిడ ఏమనుకుంటుంది?"

నేను తల పట్టుకున్నాను. సిస్టరమ్మ మాత్రం ఆసుపత్రి ఇంగ్లీషులో నెమ్మదిగా ఆవిడకు వివరించారు. మా ఊళ్ళో ఇంకొకరి పాత్రను వట్టిగా తిరిగి ఇవ్వరనీ, ఇది మీకేననీ. కొట్టావిడ వింది, తల ఊపింది, పొట్లాన్ని గల్లాపెట్టె పక్కన పెట్టింది. తినలేదు. గదికి వెళ్ళేదాకా సిస్టరమ్మకు అదే దిగులు. "పారేస్తుందేమోనండీ."

మర్నాడు సాయంత్రం మళ్ళీ అక్కడికే వెళ్ళాలన్నారు. వెళ్ళాం. ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టి అడక్కుండానే రెండు కప్పులు నింపింది. నిన్నటి దానికి కొంచెం చిన్నబోయిన సిస్టరమ్మ ఈసారి కప్పు వట్టిదే ఇచ్చారు. కొట్టావిడ కప్పును దీపం దగ్గరకు ఎత్తి లోపలికి చూసింది. తిరగేసి అరచేతిలో తట్టింది. ఏమీ రాలలేదని మొహం వేలాడేసి మాకు చూపించింది. పక్కన నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. నేను ఆ ముందటి రోజు పట్టుకున్న తలను వదిలేసి, సంచిలో ఉన్న నువ్వులుండలన్నీ తీసి బల్లమీద పెట్టాను.

అక్కడి నుంచి రైల్లో న్యూరెంబర్గ్. ఆ ఇంజినీరు చెప్పిన ఊరు. చర్చి ముందు ఎర్ర చారల గుడ్డ కప్పిన చెక్క కొట్లు వరసలుగా ఉన్నాయి. ఎండబెట్టిన పళ్ళను తీగకు గుచ్చి మనుషుల బొమ్మలు చేసి అమ్ముతున్నారు. వయసు మళ్ళిన ముఖాలు, ముడతలతో సహా. "ఇది మీరేనండీ" అని ఒక బొమ్మను నాకు చూపించారు. దాని ముఖం నిజంగానే మూడో తరగతికి లెక్కలు చెబుతున్నట్టు ఉంది. ఆమె మెల్లగా తల తిప్పుకుంటూ, గొట్టంలోంచి ముక్క ముక్కగా మైదానాన్ని అంతా చూశారు. ఏమంటారోనని ఎదురుచూశాను.

"ఆయన చెప్పినంత పెద్దది కాదండీ."

"అయ్యో!"

"ఏ పేషంటైనా ఇంటి గురించి పెద్దది చేసే చెబుతాడు లెండి. ఇంటికి పోలేకపోయాడు కదా." గాలి ఒకసారి పీల్చి, "బాదం వాసన మాత్రం ఆయన చెప్పిందానికంటే బాగుంది" అన్నారు.

బంగాళాదుంప అట్టు దొరికింది. దానికి తోడు ఆపిల్ గుజ్జు ఇచ్చారు. అట్టుకు తీపి పచ్చడేమిటో నాకు అర్థం కాలేదు. సిస్టరమ్మ సంచిలోంచి చిన్న సీసా తీశారు. ఆవకాయ. "నూనె కారుద్ది, దేశం కాని దేశంల పరువు పోతది" అంటూనే నేను వేలు చాపాను.

తినేసరికి చుక్కల వేళయింది. మంచు పడుతోంది. ఒక కొట్టు పక్కన ఆమెను నిలబెట్టి, తల వెనక్కు వాల్చమని చెప్పి, స్వెటరు లోపల వెచ్చగా దాచిన సీసా కోసం వెతుకుతున్నాను.

"ఇవాళ మందు బాగా చల్లగా ఉందండీ."

"నేనింకా వెయ్యనే లేదు సిస్టరమ్మా."

కంట్లో పడింది మంచు. ఇద్దరం నవ్వడంలో ఒక చుక్క చెంపమీద పోయింది. నేను మరొకటి సరిగ్గా వేశాను.

అదే సాయంత్రం గాయకుల గుంపు ఒకటి దారి చేసుకుంటూ మా మధ్యలోంచి వెళ్ళింది. నా మోచేతి మీద ఆమె చెయ్యి లేదు. జనం, పొగ, ఎటు చూసినా ఉన్ని టోపీలు. రాళ్ళు పరచిన దారి మంచుకు జారుతోంది. చీకట్లో ఆమెకు చూపు ఇంకా తగ్గుతుంది. ఆమె కొడుకు ముఖం కళ్ళముందు కదిలింది. నేను ఒక వరసలోంచి ఇంకో వరసలోకి, అక్కడి నుంచి చర్చి మెట్ల దాకా వెళ్ళాను. మోకాళ్ళు గుర్తుకే రాలేదు. ఎవరిని ఏ భాషలో అడగాలో తెలియలేదు. చివరికి బొమ్మల కొట్టు దగ్గరకు తిరిగి వస్తే, చెయ్యి జారిన చోటే ఆమె నిలబడి ఉన్నారు. కొట్టు గుంజను ఒక చేత్తో పట్టుకుని, ఎవరో ఇచ్చిన తేనె రొట్టె తింటున్నారు.

ఆమె నా అడుగుల చప్పుడు పోల్చుకున్నారు.

"ఎక్కడికి పోయారండీ టీచరుగారూ?"

"మీరు తప్పిపోయిండ్రని..."

"నేనెక్కడ తప్పిపోయానండీ? ఇక్కడే ఉన్నాను. తప్పిపోయింది మీరు."

లెక్కప్రకారం ఆమె మాట నిజం. నేను ఆ రాళ్ళ దారి మీద ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాను. "రొట్టె తినండి, పరుగెత్తి వచ్చారు" అన్నారు. పల్స్ కూడా చూశారు.

తిరిగి వచ్చాక చలికాలం అయిపోయింది, ఎండలు వచ్చాయి. ఏప్రిల్‌కల్లా ఆమె చూపులో గొట్టం ఇంకా సన్నబడింది. చుక్కలు వేళకు వేస్తూనే ఉన్నాం. జూన్‌లో ఒకరోజు నేను ఎదురుగా కూర్చుంటే చెయ్యి చాచి నా ముఖం తడిమారు. ఆ రోజు మా ఇద్దరికీ కష్టంగా గడిచింది. కాని చూడటానికి వచ్చినవాళ్ళు జాలిగా మాట్లాడబోతే ఆమె సాగనిచ్చేవారు కాదు. వియన్నా దీపాల ఎరుపు ఎలాంటిదో, మా కొట్టావిడ టోపీ ఏ రంగుదో చెప్పేవారు. వాళ్ళు తమ దిగులు మరచిపోయి వినేవారు. కొడుకు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చుని, "వచ్చే ఏడాది అని ఆపేసి ఉంటే నేనేమైపోయేవాణ్ణో ఆంటీ" అన్నాడు. నేను టీ ఇచ్చాను.

పూర్తి చీకటి రాకముందే ఆమె వెళ్ళిపోయారు. మంచాన పడలేదు. ఇంకొకరి చేత అన్నం తినిపించుకోలేదు. వార్డులో అలాంటివాళ్ళను చూసి చూసి, తనకు మాత్రం అది రాకూడదని ఆమె ప్రార్థన చేసుకునేవారు. ఆమె కోరుకున్నట్టే ఈ నేలలోనే, మనామా అవతలి శ్మశానంలో పూడ్చారు. నేనూ వెళ్ళాను. ఎండకు మట్టి తెల్లగా ఉంది. పాస్టరుగారు తెలుగులో ప్రార్థన చేశారు. ఆమెతో ఆసుపత్రిలో పనిచేసిన ఫిలిప్పీనీ నర్సులూ, మా వీధి బహ్రెయినీ ముసలాయనా వచ్చారు. అందరూ పిడికెడు మట్టి వేశారు, నేనూ వేశాను.

ఇంటికి వచ్చి స్నానం చేసి కూర్చున్నాక, ఆ ప్రయాణంలోని చివరి సాయంత్రం గుర్తొచ్చింది.

తిరుగు దారిలో దిగిన సాల్జ్‌బర్గ్‌లో పెద్ద చర్చి ముందు సంత. వెనక కొండమీద కోట. కొట్ల మీదుగా అటునుంచి ఇటుకు దీపాల తీగలు కట్టారు. చీకటి పడుతోంది. ఆ పది రోజులుగా నా పని ఆమెకు పక్కల ఉన్నవి చెప్పడం. అప్పుడూ చెబుతూనే ఉన్నాను. కుడిపక్కన కొవ్వొత్తుల కొట్టు, దాని పైకప్పు మీద మంచు, ఎడమపక్కన గాజు పక్షులు, పైన పసుపు దీపాలు, వాటికంటే పైన కోట కిటికీలు, ఎక్కడో బూరలు ఊదుతున్నారు, ఇటు చూడండి, కాదు, కాస్త పైకి...

"టీచరుగారూ" అన్నారు, నా చెయ్యి మెల్లగా నొక్కి. "కాసేపు చెప్పకండి. కనిపిస్తోంది."

నేను ఆగిపోయాను. ఆమె తలను మెల్లగా ఎడమ నుంచి కుడికి తిప్పారు. అంచు దాకా వెళ్ళాక కొంచెం పైకెత్తి, మళ్ళీ ఎడమ నుంచి మొదలుపెట్టారు, పేజీలో ఒక వరస అయ్యాక ఇంకో వరస చదువుకున్నట్టు, తొందర లేకుండా. జనం మమ్మల్ని తప్పించుకుంటూ ఇరువైపులా వెళ్తున్నారు. ఆమె మెరూన్ శాలువ మీద మంచు పేరుకుంటోంది. నేను దులపలేదు. కింది వరసలు అయిపోయి, ఆమె ముఖం మెల్లమెల్లగా పైకి లేస్తోంది.